మామిడికి అంటగట్టిన పురుగు

2023 ఎండకాలం. పటాన్‌చెరు దగ్గర ఒక పురుగుల ల్యాబ్‌ల పనిచేస్తున్న. ఎవరన్న పురుగు తెస్తే అదేందో తేల్చి చెప్పుడు నా పని. ఒకనాడు గుమ్మడిదల దిక్కున్న మందుల కంపెనీ ఆఫీసర్ ఫోన్‌కు ఫోటో పంపి, "మేడం, మామిడి మానుల దొరికింది. కాండం తొలుచు పురుగే గద?" అనడిగిండు. మామిడి అన్న మాట విని, సరిగ చూడకుండనే "అదే అయ్యుంటది" అన్న. నా నోరు పడిపోను.

పదిరోజులకు యాదమ్మ అనే రైతు వచ్చింది. కంపెనీ గోడను ఆనుకొనే ఆమె మామిడితోట. కంపెనీ కాలువ నీళ్లతో చెట్లు ఎండుతున్నయని పొల్యూషన్ ఆఫీసుల ఫిర్యాదు పెట్టింది.

"చెట్లను పురుగు తిన్నదని మీరే చెప్పిన్రంట. ఇగ నీళ్లు చూసేది లేదు, ఫిర్యాదు మూసేసినమంటున్రు. మా తోటకు ఎప్పుడొచ్చిన్రు మేడం?"

నా మొఖం ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వలే. తెల్లారే తోటకు పోయిన. ఆ పురుగు పడితే మానుకు బొక్కలుంటయి, మొదట్ల రంపపు పొట్టు రాలుతది. ఒక్కొక్క మాను తడిమి చూసిన, ఒక్క బొక్క లేదు. ఆకులు మాత్రం అంచుల నుంచి మాడినయి.

అట్నుంచి అటే కంపెనీకి పోయి స్పెసిమెన్, అంటే అసలు పురుగు, ఇయ్యమన్న. సంతకంతోని రిపోర్ట్ వస్తదని ఆఫీసర్ ఖుషీగ ఇచ్చిండు. సీసా లేబుల్ మీద "యాదమ్మ తోట, మామిడి మాను" అని ఉన్నది. మా పనిల లేబులే ప్రాణం. పురుగు ఎక్కడ, దేంట్ల దొరికిందో చెప్పేది అదే.

మైక్రోస్కోప్ కింద పెట్టిన. పొడుగు మీసాల పెంకుపురుగే, లాంగ్‌హార్న్ అంటరు. కాని మామిడిని తొలిచేది వేలంత ఉంటది, మీసాలు ఒంటిని దాటుతయి. ఇది గోరంత, మీసాలు ఒంట్ల సగమే. ప్రొనోటమ్, అంటే తల వెనకాల మెడపట్టీ, దాని మీద నున్నగ మెరిసే రెండు నల్ల బుడిపెలు. పుస్తకాలు ముందేసుకొని రెండు రోజులు కూసుంటే తేలింది: ఓల్డ్ హౌస్ బోరర్. మన దిక్కు కనవడని పురుగు. పచ్చి చెట్టు జోలికి పోదు, ఎండిన పైన్ కట్టెనే తింటది. ఆ తోటల పైన్ కట్టె ఏడిది? విదేశాల నుంచి డ్రమ్ముల కింద వచ్చే కట్టె చట్రాలు, ప్యాలెట్లు, కంపెనీ గోదాంల కుప్పలుండుడు సీసాకు పోయిననాడే చూసిన. ఒళ్లు మండిపోయింది.

ఆఫీసర్‌కు ఫోన్ చేసిన. "ఇది మీ ప్యాలెట్ల పురుగు. ఆమె తోట పేరెందుకు రాసిన్రు?"

"పురుగు పేరు ఒక్కటి రాసియ్యున్రి మేడం. లేబుల్ సంగతి మీకెందుకు?"

"నాకు గాకపోతే ఇంకెవరికి?"

ఇంత సదువుకున్న మనిషి, సచ్చిన పురుగుతోని దొంగ సాక్ష్యం చెప్పిస్తడా? రిపోర్ట్‌ల అన్నీ రాసిన. ఇది మామిడిల బతకదు, మానులకు బొక్కలు లేవు, ఫోన్ల నేను చెప్పింది తప్పు. ఆ ఆఖరి ముక్క కింద సంతకం పెట్టిన. విదేశీ పురుగు గాబట్టి బయటి పురుగులను అడ్డుకునే క్వారంటైన్ ఆఫీసుకు ఒక కాపీ పంపిన, యాదమ్మకు ఒకటిచ్చిన.

ఆమె అది చూపిస్తే పొల్యూషన్ ఆఫీసోళ్లు ఫిర్యాదు మళ్ల తెరిచిన్రు. కాని నీళ్ల శాంపిల్ తీసేటాళ్లకు వానలు పడి కాలువ కడుక్కపోయింది. నీళ్లల్ల ఏం లేదని రాసిన్రు.

"మీరు గా మాట అనకపోతే ఎండకాలంలనే నీళ్లు చూస్తుండిరి గద మేడం," అన్నది యాదమ్మ. ఆమె గొంతుల కోపం గూడ లేదు.

అప్పటి సంది పురుగు చేతికి రానిది, అది దొరికిన జాగ చూడనిది నేను పేరు చెప్పను. దొంగ లేబుల్ రాసినోని మీద నాకు ఇప్పటికీ మంటనే. కాని వానికి పురుగును మించిన సాక్ష్యం ఇచ్చింది నేనే.