పందొమ్మిది మంది కోసం హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ దాకా

నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది. మా అత్తిబెలె నుంచి పట్నంలోని హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌కు పోయే దారి నాకు కొత్త కాదు. మా ఆయన పోయాక పదకొండేళ్ళుగా అక్కడి అపార్టుమెంట్లు ఊడుస్తున్నాను. ఆ ఆదివారం మాత్రం మాట్లాడడానికి పోయాను.

అయిదు చోట్ల ఇళ్ళున్న మా హౌస్‌కీపింగ్ ఆడవాళ్ళ గుంపులు ఒకే సంఘం కావాలనుకున్నాయి. సంఘం ఏది తేలిస్తే కాంట్రాక్టర్లతో అదే మాట. హెచ్‌ఎస్‌ఆర్ వాళ్ళు రెండు వందల పైన, అత్తిబెలె నుంచి పోయే మేము పందొమ్మిది మందిమి. ఇప్పుడు ఏడుకు మొదలయ్యే డ్యూటీ పొద్దున ఆరుకే మొదలుకావాలని వాళ్ళ కోరిక. మేము మొదటి బస్సు ఎక్కినా ఆరున్నర దాటుతుంది. తలలు లెక్కపెట్టి తేలిస్తే మా అందరికీ పని పోయినట్టే.

ఏడూ నలభైకి బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు డబ్బులేని టికెట్టు ఇస్తారు. ఏసీ బస్సులో ఇవ్వరు, చూసుకుని ఎక్కండి. చందాపురలో ఒకామె నా పక్కన కూర్చుంది. బడిలో చరిత్ర చెప్పే టీచరు, హిందూపురం వైపు మనిషి.

"యాడికక్కా, ఆదివారం పూట?" అంది. చెప్పాను.

"ఇదే తగువు అమెరికావాళ్ళకూ మొదట్లో వచ్చిండాది" అంది.

ఇంగ్లండు రాజును వదిలించుకున్నాక అక్కడ పదమూడు రాష్ట్రాలట. పేరుకు కలిసున్నా ఎవరి దారి వాళ్ళదే. సరైన ప్రభుత్వం ఒకటి పెట్టుకుందామని కూర్చుంటే, పెద్ద రాష్ట్రాలు జనం లెక్కన ఓట్లు అన్నాయట, చిన్నవి అందరికీ సమానం అన్నాయట.

"కొట్టుకున్నారా?"

"ఎండాకాలమంతా వాదులాడినారక్కా. కడాకు రెండు సభలు పెట్టుకున్నారు. ఒకదాంట్లో జనం లెక్క. ఇంకోదాంట్లో రాష్ట్రం పెద్దదైనా చిన్నదైనా ఇద్దరే. రెండూ ఒప్పుకుంటేనే చట్టం."

"ఆడోళ్ళేమన్నారు?"

"ఆ గదిలో ఆడమనిషి ఒక్కతీ లేదు. బానిసలుగా పెట్టుకున్నోళ్ళను అడగనే లేదు."

"అంటే ఆ గది ఊడ్చినోళ్ళను ఎవరూ పిలవలేదు" అన్నాను.

తొమ్మిదింటికి సిల్క్ బోర్డు స్టాపులో దిగాను. ఇడ్లీ వడ నలభై అయిదు రూపాయలు, చట్నీ నీళ్ళు నీళ్ళు. అక్కడినుంచి ఇంకో బస్సు. పదిన్నరకు ఒక ట్యూషన్ సెంటర్ హాల్లో మీటింగు మొదలైంది.

హెచ్‌ఎస్‌ఆర్ వాళ్ళకు పెద్ద రుక్మిణమ్మ. "తలలు లెక్కపెడితే అయిపోతాది గదా. రెండు వందల మంది పోయి పందొమ్మిది మందికి దండం పెట్టల్లా?" అంది.

నేను లేచి బస్సులో విన్నది చెప్పాను. సగంలోనే ఎవరో, "అమెరికా మనకెందుకక్కా, నా చీపురు అరిగిపోయిండాది, దాని సంగతి చెప్పు" అన్నారు. హాలంతా నవ్వారు. నాకు మాట తడబడింది. అప్పుడు మా పనే గుర్తొచ్చింది.

"మనల్ని బ్లాకులకు ఎట్ల వేస్తారు? అంతస్తుల లెక్కన. పెద్ద బ్లాకుకు ఏడుగురు, చిన్నదానికి ఇద్దరు. మరి బకెట్ల గది తాళంచెవి?"

"బ్లాకుకు ఒకటే" అన్నారు వెనకనుంచి.

"చిన్న బ్లాకని సగం తాళంచెవి ఇస్తారా?"

"యాడన్నా ఇస్తారా?" అన్నారు ముందు బెంచీవాళ్ళు. "ప్రతి మాటకూ ఒకసారి తలలు లెక్కపెడదాం. చోటుకు ఒక తాళంచెవి, ఒకటే ఓటు అనుకుని ఇంకోసారి లెక్కపెడదాం. రెండింట్లో గెలిస్తేనే సంఘం మాట" అన్నాను.

రుక్మిణమ్మ తనవాళ్ళను బయటికి తీసుకుపోయి గంటసేపు వాదించింది. చిత్రాన్నం డబ్బాలు విప్పి తింటూ కూడా వాదించారు. తిరిగొచ్చి సరే అంది.

మొదట ఆరు గంటల డ్యూటీ మాటే పెట్టారు. తలల లెక్కలో గెలిచింది. చోట్ల లెక్కలో హెచ్‌ఎస్‌ఆర్, బొమ్మనహళ్ళి ఒకవైపు. దూరాన్నుంచి వచ్చే వైట్‌ఫీల్డ్, చందాపుర, మేము ఇంకోవైపు. ఓడింది. పాత ఏడు గంటలే నిలిచింది.

రుక్మిణమ్మ తనవాళ్ళను తీసుకుని వెళ్ళిపోతుందేమో అనుకున్నాను. ఆమె నన్నే చూస్తూ, "మీ అమెరికావాళ్ళు మా కొంప ముంచినారు గదమ్మే" అంది. తర్వాత బెంచీ మీద సర్దుకుని కూర్చుని, "ఊఁ, సెలవుల మాట ఎత్తండి" అంది.

మూడున్నరకు తిరుగు బస్సు దొరికింది, కిటికీ పక్క సీటు కూడా. మావాళ్ళకు ఫోన్ చేసి, ఒకే సంఘంగా కలిసినాం, ఏడుకే డ్యూటీ అని చెప్పాను. వాళ్ళ సంబరం వింటున్నా నా మనసు రుక్మిణమ్మ మీదే ఉంది. ఓడిపోయి కూడా కూర్చుంది చూడండి, మా సంఘం అక్కడ పుట్టింది. రేపు ఏదో ఒక మాటలో మేమూ ఓడిపోతాం. ఆ రోజు మా పందొమ్మిది మందినీ బెంచీ మీద కూర్చోబెట్టడం నా పని. చేయగలననే అనిపిస్తోంది.