రోటొరువాలో విన్న "రా"

చనిపోయినవారు తిరిగి వస్తారని నేనెన్నడూ నమ్మలేదు. పుట్టింది కోస్తా ఆంధ్రలోని క్రైస్తవ కుటుంబంలో. మృతులు పునరుత్థానం వరకు నిద్రిస్తారని చిన్నప్పుడే నేర్పారు. చదివింది ధ్వనిశాస్త్రం, మూలం లేని శబ్దం ఉండదని అది నేర్పింది. అమెరికాలోని ఫ్రీమాంట్‌లో వినికిడి యంత్రాల మైకులను పరీక్షించడం నా ఉద్యోగం. దీన్ని కూడా ఒక పరీక్ష నివేదికలాగే రాయడానికి ప్రయత్నిస్తాను.

మా ఒక్కగానొక్క కూతురు షారోన్ కాలేజీ చివరి సంవత్సరంలో జబ్బుపడి చనిపోయింది. చదువు పూర్తయ్యాక ముగ్గురం న్యూజిలాండ్ వెళ్ళాలని తనే ప్లాన్ చేసింది: హామిల్టన్‌లో దేశానికొక తీరుగా వేసిన తోటలు, రోటొరువాలో వేడినీటి బుగ్గలు, అక్కడి మూలవాసులైన మావోరీల గ్రామం ఒకటి. సమాధి చేసి వచ్చిన రోజు చర్చి ఆంటీలు బిర్యానీ ట్రేలు సర్దుతూ "దేవుని చిత్తం, బ్రదర్" అన్నారు. నేను మళ్ళీ చర్చికి వెళ్ళలేదు.

నా భార్య కరుణ షారోన్ గదిలో ఒక్క వస్తువునూ కదపనిచ్చేది కాదు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. పాప కోరుకున్న ప్రయాణం చేసి వస్తాం, వచ్చాక గది ఖాళీ చేస్తాం. ఆ షరతు మీదే టికెట్లు బుక్ చేశాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. షారోన్ అమెరికాలో పుట్టిన పిల్ల. దాని తెలుగులో "రండి" లేదు. ఒకసారి పాస్టర్‌గారిని గుమ్మంలోనే "అంకుల్, లోపలికి రా!" అని పిలిస్తే ఇల్లంతా నవ్వింది. "రండి అనాలే" అని వాళ్ళమ్మ సర్దబోతే, "ఎందుకు మమ్మీ, ఒక్కడే కదా వచ్చింది?" అంది. పైగా ఆ "ర" మన "ర" కాదు. నాలుకను ఎక్కడా తాకించకుండా వెనక్కి మడిచి పలికే అమెరికన్ "ర".

హామిల్టన్‌లో భారతీయ ఉద్యానం ముందు ఫోటో తీయిస్తానంటే కరుణ "ఇద్దరికి ఫోటో ఎందుకండీ" అంది. రోటొరువాలో ఉడుకుతున్న బురద గుంటల చప్పుడును నా చిన్న రికార్డర్‌లో పట్టుకున్నాను. షారోన్ ఉంటే "డాడీ, మళ్ళీ మెజర్ చేస్తున్నావా?" అనేది.

మావోరీ గ్రామం వాకిట్లో ఒక వృద్ధురాలు గొంతెత్తి మమ్మల్ని ఆహ్వానించింది. ఆ పిలుపు అతిథులతోబాటు వారి వెంట వచ్చిన మృతులను కూడా పలకరిస్తుందని గైడ్ చెప్పాడు. నేను దాన్ని ఒక ఆచారంగానే విన్నాను. కరుణ వెనక్కి తిరిగి చూసింది.

నేల ఆవిరిలో వండిన భోజనం ముగించుకుని మధ్యాహ్నం బయలుదేరాం. ఆ వృద్ధురాలే ఒక్కొక్కరికీ "హైరె రా" అని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. ఉండేవారు వెళ్ళేవారికి చెప్పే వీడ్కోలు అదని గైడ్ వివరించాడు. అతని అనుమతితో రికార్డర్ ఆన్‌లోనే ఉంచాను. మాతో వచ్చిన జపాన్ దంపతులు, జర్మన్ కుటుంబం బస్సెక్కేశారు. గైడ్ కూడా బస్సు దగ్గరకు నడిచాడు. మేమిద్దరం వాకిలి దాటుతుండగా వెనక నుంచి ఒకే ఒక్క మాట వినిపించింది. "రా."

కరుణ ఆగిపోయింది. "విన్నారా? పాప పిలిచింది."

"ఆ పెద్దావిడ మళ్ళీ వీడ్కోలు చెప్పింది. పద."

"లోకంలో అందరి చెవులూ బాగుచేస్తారు. కన్నకూతురి గొంతు మాత్రం తెలియదు మీకు."

వెనక ఎవరూ లేరు. ఖాళీ వాకిలి, దాని పైన ఆవిరి. కరుణ చేయి పట్టుకుని బస్సు దాకా దాదాపు లాక్కొచ్చాను.

ఫ్రీమాంట్ వచ్చాక ఆ రికార్డింగును ల్యాబ్‌లో విశ్లేషించాను. మావోరీ "ర" మన "ర" లాంటిదే. నాలుక అంగిలిని తాకినచోట గ్రాఫ్‌లో చిన్న తెంపు కనిపిస్తుంది. వృద్ధురాలి "హైరె రా"లో ఆ తెంపు స్పష్టంగా ఉంది. తర్వాత వినిపించిన "రా"లో లేదు. నాలుకను వెనక్కి మడిచినప్పుడు జరిగినట్టే, అక్కడ గొంతులోని మూడవ అనునాదం బాగా కిందికి దిగి, "ఆ" అచ్చులోకి లేచింది. అది అమెరికన్ "ర". ఆ రోజు ఆ గుంపులో అమెరికా నుంచి వచ్చినవాళ్ళం మేమిద్దరమే. మా ఇద్దరి "ర"లూ గుంటూరువి.

షారోన్ పాత వాయిస్‌మెయిల్‌తో పోల్చి చూడవచ్చు. చూడలేదు. సరిపోతే నేనేం చేయాలో తెలియదు. సరిపోకపోతే కరుణకు ఏం చెప్పాలో తెలియదు.

గది అలాగే ఉంది. బట్టలు ఇచ్చేద్దామంటే, "రమ్మని పిలుస్తున్న పిల్ల బట్టలు ఎవరికిస్తారు?" అంటుంది. మళ్ళీ అక్కడికి వెళ్తానంటుంది, ఈసారి ఒంటరిగా. అది పిలుపు కాదు, వాళ్ళ భాషలో వీడ్కోలు, పాప మనల్ని వెళ్ళమంది అని నేను వాదిస్తాను.

"మన పాపకు మావోరీ ఎప్పుడొచ్చిందండీ?" అని అడుగుతుంది కరుణ.

ఆ శబ్దానికి మూలమేమిటో ఈనాటికీ చెప్పలేను. ఒక విషయం మాత్రం ఈమధ్యే గమనించాను. మేము కొట్లాడుకుంటున్నది ఆ మాట ఏ భాషది అని మాత్రమే. గొంతు ఎవరిదన్న వాదన మా ఇంట్లో ఎప్పుడు ఆగిపోయిందో నాకు గుర్తు లేదు.