కూటమికి బయట

బాపట్ల దగ్గర ఒక రొయ్యల షెడ్డులో మా వదినా నేనూ తొమ్మిదేళ్లు రొయ్యలు ఒలిచాం. తెల్లారి రేపల్లెలో కంపెనీ బస్సెక్కితే సాయంత్రందాకా ఐసు నీళ్లలోనే చేతులు. ఆ పనికి వేళ్ల మీద గీతలు అరిగిపోతాయి. రేషన్ షాపులో మిషను మీద వదిన వేలిముద్ర ఏ నెలా ఒక్కసారికి పడేది కాదు. వెనక లైన్లో వాళ్లు విసుక్కుంటుంటే పది వేళ్లూ మార్చి మార్చి నొక్కేది. "మీ వేళ్లు రొయ్యలు తినేశాయక్కా" అనేవాడు డీలరు. వదిన నవ్వేసేది. మా అన్న పోయాక ఆ ఇల్లు నడిచింది ఆ వేళ్ల మీదే.

ఎలక్షన్లయిన కొన్నాళ్లకి మేనేజరు అందర్నీ నిలబెట్టి చెప్పాడు. మా షెడ్డు సరుకు వెళ్లేది యూరప్‌కి. ఆ దేశాలన్నీ ఒక కూటమి. వియత్నాం వాళ్లు ఆ కూటమితో ఒప్పందం చేసుకుంటే వాళ్ల రొయ్యకి సుంకం తీసేశారు. మనకింకా ఒప్పందం లేదు, సుంకం ఉంది. కొనేవాళ్లు అటు తిరిగారు.

"కూటమితో కలిసినవాళ్లకే లాభం. బయటున్న మనకి కష్టం" అన్నాడు.

వదిన చెయ్యెత్తింది. "అదేంటి సార్, మేం బయటివాళ్లం ఎందుకవుతామండి? మొన్న మా వీధంతా కూటమికేగా ఓటేసింది."

షెడ్డంతా గొల్లుమంది. మేనేజరూ నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? మా వైపు కూటమంటే ఎవరికైనా ఒకటే అర్థం. ఈ రెండో కూటమి సంగతి మాకెప్పుడైనా ఎవరైనా చెప్పారా? అక్కడ తినేవాడికి చవక, వియత్నాంలో మాలాంటి ఆడదానికి పని. తిననీ, చెయ్యనీ, వాళ్ల మీద నాకేం ఏడుపు లేదు. మా గతేంటో చెప్పి, ఆ తర్వాత నవ్వాల్సింది.

నెల తిరక్కుండా బస్సు రావడం మానేసింది. నాకు తెనాలిలో ఒక హాస్టల్లో వంటపని దొరికింది. వదినని వయసైపోయిందని ఎవరూ పెట్టుకోలేదు.

నాలుగు నెలలయ్యాక ఒకరోజు ఇద్దరం బియ్యానికి వెళ్లాం. వదిన అలవాటుగా వేలు కొంగుకి గట్టిగా తుడుచుకుని మిషను మీద పెట్టింది. వెంటనే పడింది.

"ఏంటక్కా, ఇవాళ ఒక్కసారికే పడిందే" అన్నాడు డీలరు, సంతోషంగా.

వదిన ఆ వేలు తిప్పి చూసుకుంది. "గీతలొచ్చేశాయి తమ్ముడూ" అంది. సంచి నా చేతికిచ్చి, లైన్లోంచి పక్కకెళ్లి ఏడ్చింది.