మూడు బస్తాల తరవాత

నా చిన్న మనవరాలు పుట్టిన యేటి మాట ఇది. ఇప్పుడు దానికి ఆరేళ్లు. ఒడియా తీరంలోని రామయ్యపట్నంలో ఎండుచేపల వ్యాపారం నాది. మూడో తరగతితో బడి మానేశాను. ఆ తరవాత ఇసుకలో నెత్తళ్ల చేపలు ఆరబోసి బరంపురం బజారుకు పంపడమే నా చదువు.

మా పనిలో గ్రేడింగ్ అని ఒకటుంది. ఎండిన సరుకును రకాలుగా విడదీయడం. చేపను వంచితే పుటుక్కున విరగాలి. అది ఫస్టు. వంగిందంటే లోపల తడి ఉన్నట్టు, కోళ్ల మేతకు పోతుంది. ఎంత ఫస్టు సరుకైనా వాన తగిలితే పురుగు పడుతుంది. అందుకే మాకు సముద్రం కంటే వానంటే భయం.

ఆ రోజు పొద్దున్నే తుఫాను వస్తోందని మైకులో ఒడియాలోనూ తెలుగులోనూ చెప్పి, అందరినీ షెల్టరుకు పొమ్మన్నారు. నా దగ్గర మూడు బస్తాల ఫస్టు నెత్తళ్లున్నాయి. కోడల్ని, పసిపిల్లని ముందు పంపి, ఒక బస్తా నెత్తికెత్తుకున్నాను. దారిలో నీలమ్మ పిన్ని గుమ్మంలో కూర్చుని ఉంది. కాళ్లు పడిపోయిన మనిషి. కొడుకు కేరళ పనికి పోయాడు.

"ఓలమ్మీ, నన్నూ తీసుకెల్లవే."

"ఉండు పిన్నీ, ఇది దింపేసి వస్తాను."

రెండో బస్తాతో వెళ్తుంటే మళ్లీ పిలిచింది. మూడోసారి నాకు విసుగొచ్చింది.

"సేపలకి కాళ్లు నేవు గదా పిన్నీ, మొయ్యాల."

"నాకున్నాయేటే?" అంది.

నాలుగోసారి పిన్ని కోసం నేను వెనక్కి బయలుదేరేసరికి గాలి నన్ను షెల్టరు మెట్ల మీదే పడేసింది. ఎవరో లోపలికి లాగి తలుపేశారు. గడియ ఊడిపోతే నా బస్తాలే అడ్డం పెట్టారు. "బయట ఇంకెవులైనా ఉండిపోయారేటి?" అని అడిగారు. నేను నోరు విప్పలేదు. చెబితే, ఎందుకు తేలేదని అడుగుతారు.

గొంతు పెద్దదని నన్నే ప్రార్థన చేయమన్నారు. బయట ఇళ్ల రేకులు ఎగిరిపోతున్న చప్పుడు. తలుపుకు అడ్డం పెట్టిన బస్తాను పట్టుకుని మొదలుపెట్టాను. అప్పుడు తలుపు మీద దెబ్బలు వినిపించాయి.

"అత్తా, ఎవులో కొడతన్నారు," అంది కోడలు.

"గాలే. కళ్లు మూసుకో."

గాలి కాదని నాకు తెలుసు. తలుపు తెరిస్తే వాన లోపలికి కొడుతుంది, సరుకు పోతుంది. తెరిస్తే నీలమ్మ పిన్ని మొహం చూడాలి. ఆ రెండో భయమే పెద్దది. గొంతు పెంచాను. దెబ్బలూ పెరిగాయి. లోకం కోసం ప్రాణం పెట్టిన ప్రభువు పేరు నా నోట్లో ఉంది. చెయ్యి మాత్రం బస్తా మూతిని బిగించి పట్టుకుని ఉంది. ఆ చెయ్యి చూసుకున్నాక ప్రార్థన ముందుకు సాగలేదు.

బస్తాలు ఈడ్చేశాను. తలుపు గోడకు కొట్టుకుంది. వానతోపాటు పోలమ్మ లోపల పడింది. బజారులో నా బేరాలు చెడగొడుతుందని నేను రోజూ తిట్టుకునే పోలమ్మ. వీపున చీరతో కట్టుకున్న నీలమ్మ పిన్ని. రేకు తగిలి పోలమ్మ మోచేయి చీరుకుపోయింది. తన సరుకంతా ఇసుకలోనే వదిలేసి వచ్చింది.

"ఎంతసేపు కొట్టినానప్పా! ఇనబడనేదేటి?"

"గాలనుకున్నాను," అన్నాను. అది నా రెండో అబద్ధం.

పిన్ని తడి కళ్లతో నన్నే చూసింది. "దాన్నేటీ అనకే పోలీ. పెద్ద ప్రార్థనలో ఉంది గదా," అంది. తరవాత తడిసిన బస్తాను తడిమి, "ఇది మెత్తగా ఉంది, కూకోబెట్టండి," అంది.

గాలి ఆగేదాకా నా ఫస్టు సరుకు మీద ఆమె కూర్చుంది. నేను ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాను. మూడు బస్తాలూ కోళ్ల మేతకే పోయాయి.

చేపను వంచి చూడటం నలభై ఏళ్లుగా తెలుసు. నన్ను వంచి చూసింది ఆ తలుపే. లోపలంతా తడి. ఇప్పుడు మైకు మోగితే నా మొదటి నడక నీలమ్మ పిన్ని గుమ్మానికి. సరుకు గురించి తరవాత చూసుకుంటాను. అయినా షెల్టరులో తలుపు వేసినప్పుడల్లా చెవి అటే ఉంటుంది. నన్ను ప్రార్థన చేయమంటే, ముందు మనుషుల్ని లెక్కపెట్టమంటాను.