కత్తిరించిన పదకొండు సెకన్లు

దుకాణంలో ముందు బల్ల తమ్ముడిది, వెనక బల్ల అక్కది. తండ్రి పోయి ముప్పై ఏళ్లయినా ఆ ఏర్పాటు మారలేదు. తమ్ముడు వచ్చినవాళ్లతో కబుర్లాడుతూ చేతి గడియారాలకు బ్యాటరీలు వేస్తాడు. అక్క కిటికీ పక్కన కూర్చుని, కంటికి భూతద్దం బిగించుకుని, కీ ఇచ్చే గోడ గడియారాలు బాగుచేస్తుంది. ఆమెకు నత్తి. ఎవరైనా ఆమెనేదైనా అడిగితే, ఆమె నోరు తెరిచేలోపే తమ్ముడు జవాబు చెప్పేస్తాడు. అది ప్రేమే. కాని ముప్పై ఏళ్లలో ఆమె మొదలుపెట్టిన వాక్యాలు చాలావరకు అతనే ముగించాడు.

తమ్ముడి కూతురు కాలేజీలో మనస్తత్వశాస్త్రం చదువుతోంది. కిందటి సెలవుల్లో ఆ పిల్ల అత్త బల్లమీద ఒక స్టాండు పెట్టి ఫోను బిగించింది.

"నీ మొహం కనబడదత్తా, చేతులే. పని చేస్తూ నీకు తోచింది చెప్పు."

అత్త చెప్పింది. మాట ఇరుక్కున్నచోట చెయ్యి పని చేసింది. చెయ్యి ఆగినచోట మాట వచ్చింది. పిల్ల ఆ వీడియోలు నెట్‌లో పెడితే మొదట నలభైమంది చూశారు, తర్వాత నాలుగు వందలమంది. ఆమె చెప్పేది చివరిదాకా అడ్డుపడకుండా విన్నవాళ్లు ఒక్కసారిగా అంతమంది దొరకడం జీవితంలో అదే మొదలు.

అయిదో వీడియో కింద ఎవడో రాశాడు: "బఫరింగ్ ఆంటీ." దానికింద ఇంకొకడు: "నెట్ బాగానే ఉంది, ఆంటీయే స్లో." ఆ పేరు అంటుకుపోయింది.

అప్పటినుంచి ఒక మర బిగించడం, ఒకసారి ఫోను చూడటం. గడియారం నూనె ముట్టిన వేళ్లతో తెర జిడ్డోడుతున్నా ఆమె చెయ్యి ఊరుకోలేదు. మెచ్చుకున్నవాళ్ల మాట ఒక్కటీ గుర్తులేదు. వెక్కిరించినవి మాత్రం అక్షరం పొల్లుపోకుండా నోటికొచ్చేశాయి.

మేనకోడలు పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. "అది నీ ఒక్కదాని జబ్బు కాదత్తా, అందరి బుర్రా అంతే. పది పూలు విసిరినా ఒక్క రాయే గుర్తుంటుంది. మంచి మాట ఎప్పుడొస్తుందో తెలీదు కాబట్టే చెయ్యి ఫోను మీదికి పోతుంది. రోజూ ఒకే వేళకి వచ్చేదైతే అంత ఆరాటం ఉండదు. ఇక వాళ్లంటావా, ఎదురుగా మొహం లేదుగా, అందుకే నోరు లేస్తుంది."

"మొ... మొహం ఎదురుగా పెట్టుకుని నవ్వినవాళ్లని నేను ముప్పై ఏళ్లు చూశానే," అంది అత్త. "వాళ్ల సంగతి నీ పుస్తకంలో లేదా?"

ఆ రాతలు తగ్గించే ఉపాయం మాత్రం పిల్ల దగ్గర ఒకటుంది. తర్వాతి వీడియోలో అత్త ఆగిన ప్రతిచోటా కత్తిరించి పారేసింది. పదహారు నిమిషాలది ఆరు నిమిషాలైంది. వెక్కిరింపులు పోయాయి, చూసేవాళ్లు మూడింతలయ్యారు. అత్త ఒకసారి విని ఫోను పక్కన పెట్టేసింది. గొంతు తనదే. గడగడా మాట్లాడుతున్న ఆ మనిషెవరో మాత్రం తెలియలేదు. పిల్ల ఉత్సాహం చూసి ఊరుకుంది.

పది రోజులకు ఒక బస్సు డ్రైవరు దుకాణానికి వచ్చాడు. చంకలో తువ్వాల్లో చుట్టిన గోడ గడియారం, బొటనవేలికి కట్టు.

"మీ వీడియో చూసే విప్పానమ్మా. మూడుసార్లు చూశాను. పైరేకు తీయగానే లోపల్నుంచి ఫట్‌మంది."

అక్క తువ్వాలు విప్పింది. చక్రానికి ఏడు పళ్లు విరిగిపోయాయి. చుట్టుకుని ఉన్న స్ప్రింగును వదులు చెయ్యకుండా విప్పితేనే అలా అవుతుంది. కీ పట్టుకుని, చిన్న కొక్కెం ఎత్తి, స్ప్రింగు బలాన్ని అరచేతిలోకి తీసుకుంటూ అరచుట్టు అరచుట్టుగా వదలాలి. ఈ వృత్తిలో నేర్చుకునే మొదటి పని అది. తను వీడియోలో చేసి చూపించింది కూడా.

"పాత వీడియోల్లో మీరు ఆగినచోటల్లా నేనూ ఆగేవాణ్ణి," అన్నాడు డ్రైవరు. "మాట రానప్పుడే కదా మీరు అసలు పని చేసేది! ఈసారి ఆగనే లేదు మీరు."

మేనకోడలు కోయని వీడియో తీసి చూసింది. "స్ప్రింగు" అనబోయి అత్త "స్..." దగ్గర ఇరుక్కుపోయింది. ఆ పదకొండు సెకన్లలోనే కీ అరచేతిలో వెనక్కి తిరిగింది. మాట లేదని పిల్ల అదంతా కోసేసింది.

"నిన్ను కాపాడదామనుకున్నానత్తా."

"నన్ను కాపాడి ఆయన వేలు కోశావు."

తమ్ముడు ముందు బల్ల దగ్గర్నుంచి అందుకున్నాడు. "ఇప్పుడేమైందక్కా! కింద ఓ ముక్క రాసేస్తే సరి, స్ప్రింగు వదులు చెయ్యండని. కావాలంటే మాట దీని గొంతుతో పెడదాం. మూడింతల జనం వచ్చారు, ఎందుకు చెడగొట్టుకోవడం?"

అక్క భూతద్దం తీసి బల్లమీద పెట్టింది.

"నా చే... చేతులకి దాని గొంతెందుకు? ముప్పై ఏళ్లు నీ గొంతు పెట్టావు, చాలదా?"

తమ్ముడు స్క్రూడ్రైవరు తీసుకుని ముందున్న చేతి గడియారం మీదికి వంగాడు.

ఆ మధ్యాహ్నమే అక్క ఆ కత్తిరించిన వీడియో తీసేయించింది. పదహారు నిమిషాలూ కోత లేకుండా పెట్టించింది. ముందు రెండు మాటలు కొత్తగా చెప్పింది: "నాకు నత్తి ఉంది. నేను ఆగినప్పుడు మీరూ ఆగండి, చేతులు చూడండి." అది చెప్పడానికే అర నిమిషం పట్టింది. పిల్ల వేలు అలవాటుగా కత్తెర గుర్తు మీదికి పోతే చటుక్కున ఒకటేసింది.

సాయంత్రానికి మొదటి రాత వచ్చింది: "మళ్లీ బఫరింగ్ మొదలు."

"తీసేస్తా," అంది పిల్ల.

"ఉండనీ." నూనె వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ అత్త జవాబు కొట్టింది: "అవును. వేలు కావాలంటే నువ్వూ ఆగు." ఆ తర్వాత ఫోను సొరుగులో పడేసి డ్రైవరు గడియారం ముందుకు లాక్కుంది. ఆ మాట గుచ్చుకోలేదని కాదు. గుచ్చుకుంది. సొరుగు వైపు రెండుసార్లు చూసింది కూడా.

వారం తర్వాత డ్రైవరు వచ్చి ఎప్పటికవుతుందని అడిగాడు. తమ్ముడు నోరు తెరిచాడు. అక్క తల ఎత్తకుండానే చెయ్యి ఎత్తింది.

"నే... నేను చెప్తా."

'మ' దగ్గర మాట ఆగింది. డ్రైవరు బల్లమీద మోచేతులు ఆనించి ఆమె చేతుల వైపు చూస్తూ నిలబడ్డాడు. తమ్ముడు కదిలాడు, గొంతు సవరించుకున్నాడు. "మంగళవారం" వచ్చేదాకా ముగ్గురూ ఆగారు.