తూటాల కోసం ప్రార్థన

చర్చిలో కొవ్వొత్తి ఆర్పిన వాసన వస్తే గన్‌ఫౌండ్రీ బస్తీలోని మా పాత ఇల్లు గుర్తొస్తుంది. అక్కడ నాన్న తన పాత రైఫిల్‌కి తుపాకిమందు కూరి తూటాలు చేత్తో తయారుచేసుకునేవాడు.

ఓసారి షూటింగ్ పోటీకి ముందురోజు, మైనం పూసిన సీసపు గుండ్లు ఇత్తడి గొట్టాల్లోకి మరీ లోతుగా దిగిపోసాగాయి.

“ఏందిది? గిట్లయితే రేపు పోటీకి పోవుడెట్ల?” అన్నాడు నాన్న.

అవి పేలడానికి భయపడి దాక్కుంటున్నాయనుకుని కళ్లు మూసుకుని ప్రార్థించాను. కళ్లు తెరిచేసరికి గుండ్లు సరిగ్గా కూర్చుంటున్నాయి.

“డాడీ, యేసయ్య విన్నడా?”

“ఔ బిడ్డా, విన్నడు,” అంటూ నా తల నిమిరాడు.

గుండును గొట్టంలోకి నొక్కే అచ్చులో పేరుకున్న మైనాన్ని నేను కళ్లు మూసుకున్నంతలో ఆయన గోటితో గీకేశాడని పెద్దయ్యాక అర్థమైంది. ఆ మర్నాడు మాత్రం జడ వేస్తూ అమ్మ, “జుట్టుకి గీ మైనమేంది?” అని విసుక్కుంటే, ప్రార్థన చేస్తే అంటుకుంటుందని చెప్పాను.