కార్వాన్‌లో సగం గీసిన తలుపు

చార్మినార్ చూడటం అయ్యాక, ఈ రోజు మధ్యాహ్నం నా మిత్రులిద్దరినీ బతిమాలి, రిక్షా ఎక్కించి కార్వాన్ అనే పాత పేటకు తీసుకెళ్లాను. అక్కడ ఒక పాత ఇంటి చెక్కడపు తలుపు నచ్చి, ఎదుటి అరుగు మీద కూర్చుని గీయడం మొదలుపెట్టాను. ఒక కన్ను మూసి, పెన్సిల్ చాచి కొలత చూసుకుంటుంటే ఆ ఇంట్లోంచి ఒక ముసలావిడ కంగారుగా బయటికొచ్చింది.

"రోడ్డు పెద్దగ చేసెటందుకు కొలుస్తున్నరా బిడ్డా?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోపే మిత్రుల్లో ఒకడైన మూర్తి పెద్ద ఆఫీసరులా, "అవునమ్మా, ఈ తలుపు దాకా అంతా పోతుంది" అన్నాడు. రెండోవాడు మొహం తిప్పుకుని నవ్వాడు. ఆవిడ గడప మీద కూలబడింది.

మేం ఊరు చూడ్డానికి వచ్చామనీ, నేను బొమ్మలేసేవాణ్ణనీ, వాడిది వట్టి వేళాకోళమనీ చెప్పాను. గీసినంతవరకు చూపించాను. ఆవిడ నమ్మలేదు.

"గట్లయితే గీసుడెందుకు? పోయేదాన్నే గద గీసి పెట్టుకుంటరు. ఉండేదాన్ని ఎవరు గీస్తరు బిడ్డా?"

బొమ్మ సగంలోనే ఆపి లేచాను.

ఇప్పుడు లాడ్జి కింద హోటల్లో మూర్తి ఈ సంగతి పక్క బల్లవాళ్లకు కూడా చెప్పి నవ్విస్తున్నాడు. ఆ ఇంట్లో మాత్రం ఈ పూట పొయ్యి వెలిగిందో లేదో. రేపు గోల్కొండ చూడాలట. వీళ్లతో కలిసి కోట ఎక్కాలో, ఒక్కణ్ణే ఇంటికి బండెక్కాలో మీరే చెప్పండి.